నా స్పాయిలర్, లచ్చవ్వ వడ్లు

నవ్వుతె నవ్వుండ్రి గని, చాయ్ మీదేసుకోకుండ్రి. మొన్న శుక్రారం మా బామ్మర్ది తిరుపతి పెండ్లికి పెండ్లికొడుకును నా ఎర్రకార్ల తీస్కపోయిన. పెండ్లయితే మంచిగనే అయింది. నా ఇజ్జత్ సంగతే... చెప్త ఇనుండ్రి.

కారు మీరు సూసిందే. నస్పూర్ల బొగ్గుబాయి మేనేజరు రిటైరై పోతాంటె ఆయన దగ్గర కొన్న. రెండే డోర్లు, పైన బట్ట టాపు, పొడుగు మూతి. స్పోర్ట్స్ కారు! ఇరవై ఏండ్లదైతేంది, ఇంజను నేనే ఇప్పిన, నేనే బిగిచ్చిన. మన హుజూరాబాద్ల గసొంటిది ఇంకోటి సూపియ్యుండ్రి, నా లేత్ మిషను రాసిస్త! అయినా మా మామ దాన్ని సూసినప్పుడల్ల ఒక్కటే మాట. "అల్లుడా, గిది నడుస్తదా, నూకితె పోతదా?"

పదేండ్ల సంది నా పని ఒక్కటి గూడ ఆయనకు నచ్చలే. కూలర్ చేసిస్తె సప్పుడెక్కువన్నడు. గేటు చేసిస్తె బరువన్నడు. గీ పెండ్లిలనన్న చుట్టాలందరి ముందట ఆయన నోట ఒక్క మంచి మాట అనిపియ్యాలె అని పంతం పట్టిన.

గందుకే బొంబాయి నుంచి స్పాయిలర్ తెప్పిచ్చిన. ముందటి బంపర్ కింద పెట్టే ఫైబర్ పలక. స్పీడుల పోతాంటె గాలి కారు కిందికి దూరకుంట ఆపుతది, కారు రోడ్డును పట్టుకొని పోతది. నా పెండ్లాం సరోజనకు గిట్లనే ఇవరంగ చెప్పిన. ఆమె బియ్యం ఏరుకుంటనే అడిగింది, "మన కారు యాభై దాటితె డోరు ఊగుతదంటిరి. మల్ల గాలితోని ఏం లొల్లి?" టెక్నికల్ మాటలు ఇంట్ల చెప్పుడు నాదే తప్పు.

డబ్బ ఇప్పి సూస్తె పలక అప్పడం లెక్క ఉన్నది. గీ రోడ్లకు గది ఆగుతదా? ఎనుక దన్నుగ మందపు ఇనుప రేకు పెట్టిన. ఇనుప యాంగిలర్ పట్టీ పెట్టిన. ఎనిమిది బోల్టులు బిగిచ్చిన. బోల్టులు ఊడకుంట వాటి మీద గూడ వెల్డింగ్ కొట్టిన. ఎక్కి నిలబడ్డా కదలలే! భూమికి నాలుగు వేళ్ల ఎత్తు. స్పీడ్ బ్రేకర్ మీద ఏటవాలుగ ఎక్కిచ్చి సూసిన, గుంతలు సూసిన, కంకర రోడ్డు సూసిన. అన్నిట్ల పాస్.

పెండ్లినాడు పొద్దుగాల ఎల్లినం. టాపు తీసేసిన, అందరికి కనపడాలె కదా! నా పక్కన తిరుపతి, బాసింగం కట్టుకొని. మా ఎనుక బస్సుల మా మామ, సరోజన, చుట్టాలు, డప్పులోళ్లు. ముహూర్తం పదకొండు ఇరవైకి. పిల్లది జమ్మికుంట అవతలి ఊరు, ఎంతసేపు?

"బావా, జర మెల్లగ" అంటడు తిరుపతి.

"ఫికర్ చెయ్యకు, స్పాయిలర్ ఉన్నది!" అన్న.

కాలువ దాటి మలుపు తిరిగినమో లేదో, రోడ్డు నిండ వడ్లు. యాసంగి కోతలైనయ్ కదా, మన దిక్కు తారురోడ్డే కల్లం. అంచులకు రాళ్లు పెట్టి, గీ కొస నుంచి గా కొసదాక ఆరబోసిండ్రు. లారీలు పోతయ్, బస్సులు పోతయ్, ఎవ్వలకేం కాదు. ఆ అలవాటు మీదనే నేను గూడ ఎక్కిచ్చిన. అన్ని కొలిచినోన్ని, వడ్ల మందం కొలువలే!

సర్ర్‌ర్‌మని మెత్తటి సప్పుడు.

"బావా, ముందట ఏదో లేస్తాంది" అన్నడు తిరుపతి.

సూస్తె వడ్లు! బంపర్ దాక వచ్చినయ్. జరసేపటికి లైట్ల దాక వచ్చినయ్. బ్రేకు తొక్కేసరికి మూతి ఇంకింత కిందికి దిగి, కుప్పల గుచ్చుకొని ఆగింది. మర్రి సూస్తె ఎనుక రోడ్డు నల్లగ మెరుస్తాంది, ఒక్క గింజ లేదు. ఉత్త ఫైబర్ పలకనే ఉంటె పటుక్కున ఇరిగిపోతుండె, మేం మా తొవ్వన పోతుంటిమి. నా వెల్డింగ్ ఇరుగుతదా? ఇరగది!

చెట్టు నీడ నుంచి ఒక అవ్వ పార పట్టుకొని ఉరికొచ్చింది. లచ్చవ్వ ఆమె పేరు.

"ఎవడ్రా నువ్వు? కారుకు నాగలి కట్టుకొని తిరుగుతున్నవా?"

అప్పుడే బస్సు వచ్చి ఆగింది. మా మామ దిగి, చేతి గడియారం నా కండ్ల ముందట పెట్టిండు. "అంబాసిడర్ మాట్లాడుతనంటె వద్దంటివి. ముహూర్తం తప్పితె పిల్ల తరపోళ్లకు ఏమని చెప్పాలె?"

పలక ఇప్పుదామంటె బోల్టుల మీద వెల్డింగాయె! ముందట మోకాలెత్తు కుప్ప, దాని అవతల ఇంకా సగం రోడ్డు వడ్లు. తిరుపతి బాసింగం కింద చెమటలు కారుతున్నయ్. నిజంగ చెప్తున్న, గంత పరేషాన్ నేను ఎన్నడు కాలే.

గంతల్నే పడమటి దిక్కు ఉరిమింది. నల్లటి మబ్బు. చెడగొట్టు వాన!

లచ్చవ్వ మబ్బు దిక్కు సూసింది. కుప్ప దిక్కు సూసింది. ఊడ్సినట్టున్న రోడ్డు దిక్కు సూసింది. గొంతు మారిపోయింది.

"బిడ్డా, మేం ఇంటిల్లిపాది ముగ్గురం పొద్దుగూకేదాక చేసే పని గడియల చేసినవ్. మిగిలింది గూడ నూకి పో."

"అవ్వా, పెండ్లున్నది!"

"నానితె మొలకలొస్తయ్ బిడ్డా. మా ఇంట్ల ఏడాది తిండి గిదే."

మేం గూడ వడ్లు పండిచ్చినోళ్లమే కదా. తిరుపతే ముందుగాల అన్నడు, "నూకు బావా, ఏదైతె అదైతది."

ఇగ సూడుండ్రి! చుట్టాలు కుప్పను పక్కకు గుంజుడు, నేను ముందుకు నూకుడు. మల్ల ఆగుడు, మల్ల గుంజుడు. డప్పులోళ్లు ఊకుంటరా, దంచుతున్నరు. లచ్చవ్వ ముందట నడుసుకుంట "ఇటు! ఇటు!" అని చెయ్యి ఊపుతాంది. నాలుగు కుప్పలు చేసి, పరదాలు కప్పి ఎల్లేసరికి అక్కడనే పదకొండు ఇరవై దాటింది. మా మామ చేతి గడియారం ఇప్పి జేబుల ఏసుకున్నడు. గది తిట్టినదానికన్న ఎక్కువ.

పిల్ల ఊరికి పోయినం. ఎదురుకోళ్లకు ఒక్కలు రాలే! కోపానికి వచ్చిండ్రనుకున్న. పందిట్లకు పోతె ఒక్క అయ్యగారు, ఒక్క వంటాయన.

"అందరేరి?"

"మబ్బు సూసి వడ్లకాడికి ఉరికిండ్రు" అన్నడు అయ్యగారు.

ఊరి అవతలి రోడ్డు మీద ఉన్నది పెండ్లి అంత. పిల్ల తండ్రి కొత్త దోతి ఎగ్గట్టి చీపురు పట్టిండు. పట్టుచీరెలోళ్లు తట్టలు ఎత్తుతున్నరు. తిరుపతి కార్లకెల్లి లేసి నిలబడి మొత్తుకున్నడు, "మామా, జరుగుండ్రి! మా బావ కారొచ్చింది!"

ఈసారి నాకు జంకులేదు. మూడు తాపలు నూకేసరికి రోడ్డు సాఫ్! ఆఖరి పరదా కప్పుడు, వాన దంచుడు ఒక్కసారే. టాపు ఏసే టైం ఏడిది? పెండ్లికొడుకు మీద యూరియా సంచుల పరదా పట్టి పందిట్లకు తీస్కవచ్చినం. అయ్యగారు పంచాంగం తిరగేసి పన్నెండున్నరకు ఇంకో ముహూర్తం తీసిండు. నా పానం అప్పుడు కుదుటపడ్డది. ఎదురుకోళ్ల దండ పెండ్లికొడుకు కన్న ముందు నా బంపర్‌కు ఏసిండు పిల్ల తండ్రి!

బంతి భోజనాలప్పుడు మా మామ నా దగ్గరికి వచ్చిండు. రెండు దిక్కుల చుట్టాల ముందట భుజం మీద చెయ్యేసిండు. "గిన్నేండ్లకు పనికొచ్చే పని చేసినవ్ అల్లుడా!"

నా ఛాతీ ఉబ్బింది. సరోజన దిక్కు సూసిన, ఇంటాందా లేదా అని.

"పలక ఖతర్నాక్ ఉన్నది" అన్నడు మా మామ. "గని దాని ఎనుక గా కారెందుకు? కోసేసి మన ట్రాక్టర్‌కు పెట్టు."

పదేండ్లకు వచ్చిన మెప్పు. ఆయన మాట మార్చకముందే జల్ది తలకాయ ఊపిన.