పెడన నేతగాడి కళ్ళజోడు

1943లో బెజవాడ గవర్నరుపేటలో నాకు చిన్న కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. మద్రాసులో ఆరేళ్ళు ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకొని వచ్చి పెట్టుకున్నది. యుద్ధం మూలంగా ఇంగ్లండు నుంచి సీమ సరుకు రావడం ఆగిపోయింది. లెన్సులు పాత నిల్వ కొంత ఉంది గాని ఫ్రేములు దాదాపు అయిపోయాయి. ఒకప్పుడు నా అద్దాల బీరువాలో తాబేటి చిప్ప రంగువి, బంగారు పూతవి వరసగా మెరిసేవి. చూపు బాగున్నవాళ్ళు కూడా వచ్చి, ఒకటి తగిలించుకొని, అద్దంలో తమను తాము చూసుకొని మురిసిపోయేవారు. ఆ బీరువాలో ఇప్పుడు ఒకే ఒక్క స్టీలు ఫ్రేము మిగిలింది.

ఆ ఎండాకాలం పెడన నుంచి వెంకటస్వామి అనే నేతగాడు వచ్చాడు. యాభై దాటిన మనిషి.

"దూరం బాగానే ఆనుద్దండి. తెగిన పోగు అతకాలంటేనే కనబట్టంలేదు. రెండు నెలల్నించి ఆడవాళ్ళతో పాటు కూచుని నూలు కండెలు చుడతన్నాను. నా మగ్గం మీద మా బామ్మర్ది కూచుంటన్నాడు" అన్నాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

పరీక్ష చేశాను. ప్లస్ మూడున్నర కావాలి. దగ్గరి వస్తువును స్పష్టంగా చూపించే ఉబ్బెత్తు అద్దాన్ని మేము ప్లస్ లెన్సు అంటాం. ఆ పవరులో నా దగ్గర ఒక్క జతే ఉంది. దాన్ని ఆ స్టీలు ఫ్రేములో బిగించి ఇచ్చి పంపాను. ఒక మంచి పని చేశానన్న తృప్తితో ఆ పూట హాయిగా భోజనం చేశాను కూడా.

పదిహేను రోజులకు ఆయన మళ్ళీ వచ్చాడు. కళ్ళజోడు రుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"చూపు సరిపోలేదా?"

"చూపుకేం బాబుగారూ, బ్రహ్మాండంగా ఉంది. వంగితే జారిపోతంది. మొన్న పడుగు మీద పడి పాతిక పోగులు తెంపింది. తలెత్తితేనేమో ఎదర అంతా అలుక్కుపోయి కళ్ళు తిరుగుతన్నాయి."

గుంట మగ్గం నేసే మనిషి గుంటలో కాళ్ళు పెట్టుకొని రోజంతా బట్ట మీదికి వంగి ఉంటాడు. మాటిమాటికీ తలెత్తి పడుగు అవతలి కొస చూసుకుంటాడు. ఇదంతా నేను ఆయన్ని అడగనే లేదు.

"కాడలు కాస్త బిగిస్తాను, జారదు" అన్నాను.

"బిగిస్తే చెవులు కోసుకుపోతాయండి. తమరు ఏమీ అనుకోనంటే ఇది చూడండి" అంటూ జేబులోంచి ఇంకో పొట్లం తీశాడు.

అందులో ఒక ఫ్రేము ఉంది. అద్దాలు లేవు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. మగ్గంలో పడుగు పోగుల్ని విడదీసే దువ్వెన లాంటి అచ్చు ఉంటుంది. దానికి వాడే సన్నటి వెదురు బద్దను వేడి మీద వంచి, రెండు అర్ధచంద్రాలు చేశాడు. దాని మీద నల్ల నూలు చుట్టి లక్క పూశాడు. ఎంత వెదికినా ఎక్కడా ముడి కనిపించలేదు. ముక్కు మీద ఆనే బ్రిడ్జి వెడల్పుగా, మెత్తగా ఉంది. చెవుల వెనక్కి పోయే కొసలు అల్లిన నూలుతాళ్ళు. మరలు లేవు, మేకులు లేవు. కాడలు మడతపడేచోట కూడా దారమే కీలు.

"ఈ బ్రిడ్జి కొలత ఎట్లా తీశారు?"

"మైనం ముద్ద ముక్కు మీద ఒత్తుకున్నానండి."

"మరి ఈ సన్నటి చుట్టుడు? కనపడదన్నారుగా!"

"చుట్టటానికి కళ్ళెందుకండీ, వేళ్ళున్నాయిగా."

సీమ నుంచి వచ్చిన ఎన్ని ఫ్రేములు నా చేతుల మీదుగా పోయాయో! ఇంత అందమైనదాన్ని నేను చూడలేదు. అందం కోసం అందులో ఒక్క గీత కూడా లేదు. అర్ధచంద్రం ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. వంగినప్పుడు అద్దంలోంచి చూస్తాడు, తలెత్తితే అద్దం పై నుంచి చూస్తాడు.

ఇక మిగిలింది నా పని. గుండ్రటి లెన్సులను అర్ధచంద్రాలుగా కొయ్యాలి. లెన్సును ఫ్రేము ఆకారానికి అరగదీయడాన్ని ఎడ్జింగు అంటారు. గుండ్రంగా అయితే కళ్ళు మూసుకొని చేస్తాను. మందపాటి ప్లస్ లెన్సును అడ్డంగా కొయ్యడం మాత్రం ఎన్నడూ చేసి ఎరగను. ఉన్నది ఒక్క జత.

"పగిలితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో చెప్పలేను. యుద్ధం అయ్యేదాకా ఆగాల్సి రావచ్చు" అన్నాను.

ఆయన తన వెదురు ఫ్రేమును నా ముందుకు జరిపాడు. "ఆ స్టీలుదాంతో నాకు మగ్గం లేనట్టేగా బాబుగారూ. కొయ్యండి."

లెన్సులను స్టీలు ఫ్రేములోంచి ఊడదీసి, సిరాతో గీత గీసి, వజ్రపు మొన కలంతో గాటు పెట్టి, పట్టకారుతో కొంచెం కొంచెంగా తుంచాను. తడి సానరాయి మీద అరగదీశాను. మొదటిది చక్కగా వచ్చింది. రెండోది తుంచేటప్పుడు టక్కుమంది. చూస్తే, మూల దగ్గర బియ్యపు గింజంత పెచ్చు ఊడింది.

వెంకటస్వామి దాన్ని తీసుకొని బొటనవేలితో తడిమాడు. "ఇంతేగా! దారం కిందికి పోద్దిలెండి" అన్నాడు. లెన్సు ఫ్రేములోకి ఎక్కగానే ఆ మూల నాలుగు చుట్లు చుట్టాడు. పెచ్చు మాయమైంది.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. అక్షరాల కార్డు ఇవ్వబోతే వద్దని, నా భుజం మీది ఉత్తరీయం అంచు పట్టుకొని కిందికి వంగాడు. కళ్ళజోడు ఆయన ముఖం మీద నుంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇక్కడ ఒక పోగు తెగిందండి. ఎవరో గాని భలేగా అతికాడు" అన్నాడు. నేను రెండేళ్ళుగా కప్పుకుంటున్న ఉత్తరీయం అది. ఆ అతుకు నా కంటికి ఇప్పటికీ కనిపించదు. తర్వాత ఆయన తలెత్తి, అద్దాల పైనుంచి వీధిలో పోతున్న జట్కాను చూశాడు. మళ్ళీ వంగాడు. మళ్ళీ ఎత్తాడు. కళ్ళు తుడుచుకుందామని కళ్ళజోడు తియ్యబోయి, తియ్యబుద్ధి కాక, అట్లాగే దాని కిందినుంచి తుడుచుకున్నాడు.

ఆశ కొద్దీ, నా దుకాణానికి ఇలాంటివి చేసి పెట్టమని అడిగాను.

"ఇది నా ముక్కుకి, నా మగ్గానికి చేసుకున్నానండి. ఇంకోళ్ళకి చెయ్యాలంటే వాళ్ళ ముక్కూ, వాళ్ళ పనీ నాకు తెలియాలిగా" అని, పెడన బండి వేళైందని లేచాడు.

అప్పటిదాకా నేను ఫ్రేముకు మనిషిని సరిపెడుతూ వచ్చానని ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత ఎవరు వచ్చినా, అక్షరాల కార్డు ముట్టుకోక ముందే, "మీరు పని చేసేటప్పుడు ఎట్లా కూర్చుంటారో ఒకసారి కూర్చుని చూపించండి" అనేవాణ్ణి. కొందరు నవ్వేవారు, కొందరు విసుక్కునేవారు. ఒక వయొలిన్ మేష్టారు మాత్రం మారు మాట్లాడకుండా నా దుకాణంలో నేల మీదే చాపేసుకొని కూర్చొని, కళ్ళు అరమోడ్చి, లేని వయొలిన్‌ను వాయించసాగారు. ఆయన కంటికీ వేళ్ళకూ మధ్య దూరం కొలవడానికి నేను టేపు పట్టుకొని ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.