మూడు నీళ్లు

గాజువాకలో మా స్టూడియో డార్క్‌రూమ్ పని నాకు నేర్పిన పెద్దాయన, ప్రతి ఫోటోనూ మూడు నీళ్లలో కడిగేవాడు. "నీల్లకి ఓర్సుకుంటేనే ఫోటో, బావ," అనేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావ అనే పిలిచేవాడు.

కంప్యూటర్లొచ్చాక నేనో ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాను. నలుపు తెలుపు ఫోటోల కోసం రంగులు తీసేసి నలుపు, బూడిద ఇంకులే నింపాను. మొదటి ప్రింటు ఆయనకే ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, అలవాటు కొద్దీ తీసుకెళ్లి నీళ్ల ట్రేలో ముంచేశాడు. ఫోటోలో ముఖం కరిగి నల్లనీళ్లయింది.

కస్టమర్లందరి ముందూ మొదట పగలబడి నవ్వింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే తలెత్తలేను.

ఆయన మాత్రం తెల్లబోయిన ఆ కాగితాన్ని జాగ్రత్తగా దండేనికి క్లిప్పు పెట్టి ఆరేశాడు. చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"తప్పైపోనాది సార్."

మళ్లీ నన్ను బావ అనలేదు.