సెలవు కాగితం లెక్క

2010లో నేను అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మందూబ్‌గా చేరాను. మందూబ్ అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. వీసా, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, చివరికి క్యాన్సిలేషన్, అన్నీ మా చేతుల మీదుగానే జరగాలి. హోదాకి, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు కింద గుమస్తానే గానీ, వీసా గడువు దగ్గరపడితే డాక్టర్లు కూడా నా బల్ల ముందు నిలబడేవారు. నెల్లూరులో మావాళ్ళు నన్ను పెద్ద ఆఫీసరనుకునేవారు. నేనెప్పుడూ కాదనలేదు.

ఇక్కడ మనలాంటి ఉద్యోగులకి శాశ్వత నివాసం అనేది లేదు. ఇరవై ఏళ్ళున్నా, రెండేళ్ళకోసారి రెసిడెన్సీ కొత్తగా వేయించుకోవాల్సిందే. పైగా వరసగా నూట ఎనభై రోజులు దాటి దేశం బయట ఉంటే అది దానంతటదే చెల్లకుండా పోతుంది. ఈ ముక్క ఎన్ని వేలసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పి చెప్పి నోరు అరిగింది.

2023 చివర్లో జరిగిన సంగతి ఇది. సువార్త మా ఆసుపత్రిలో సీనియర్ నర్సు. పాలకొల్లు దగ్గరి మనిషి, పదహారేళ్ళుగా ఇక్కడే ఉంది. భర్తా, పన్నెండో తరగతి చదువుతున్న కూతురూ ఆమె స్పాన్సర్‌షిప్ మీదే ఉన్నారు. అంటే ఆమె రెసిడెన్సీ పోతే వాళ్ళవీ నిలవవు. ఆ ఏడాది మధ్యలో ఆమె తల్లికి పక్షవాతం వచ్చింది. చూసుకునే ఆడదిక్కు లేదని సువార్త జీతం లేని సెలవు పెట్టి వెళ్ళింది.

ఐదో నెలలో తల్లి పోయింది. సువార్త ఫోన్ చేసి, జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా ఉండొచ్చా, లేక టికెట్ ముందుకు జరుపుకోమంటారా అని అడిగింది. నేను ఫైల్లో సెలవు కాగితం చూశాను. ఆమె టికెట్ నూట డెబ్బై ఐదో రోజుకి ఉంది.

"ఉండమ్మా, లెక్క నేను పెడుతున్నాను కదా" అన్నాను.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున పదింటికి హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోను. పాస్‌పోర్టు మెషీన్‌లో పెడితే రెసిడెన్సీ చెల్లదని వస్తోందట, విమానం ఎక్కనివ్వడం లేదట. కౌంటర్ వాళ్ళకి తెలియదు, పెద్దవాళ్ళని పిలవమని విసుక్కున్నాను. అటుపక్క ఆమె ఏడుస్తోంది. పెద్దవాళ్ళు వచ్చినా అదే మాట చెప్పారు. అప్పుడు, వెళ్ళేటప్పుడు శంషాబాద్‌లో వేసిన రాక ముద్రని ఫోటో తీసి పంపమన్నాను.

ఆ ముద్ర సెలవు మొదలైన తేదీకి ఎనిమిది రోజుల ముందుది. నైట్ డ్యూటీలకి బదులుగా నర్సులకి వచ్చే ఆఫ్‌లు కూడబెట్టుకుని, సెలవుకి ముందే ఆమె విమానం ఎక్కింది. ఆసుపత్రుల్లో అందరూ చేసే పనే. ఆ ఆఫ్‌లు సెలవు కాగితంలో ఉండవు. నేను లెక్కపెట్టింది ఆ కాగితాన్ని. ఇమిగ్రేషన్ లెక్కపెట్టేది మనిషి గడప దాటిన రోజుని. తిరుగు ప్రయాణం రోజుకి ఆమె వెళ్ళి నూట ఎనభై మూడు రోజులు.

ఇలాంటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ అని ఒక దారి ఉంది. బయట ఎందుకు ఉండిపోయారో కారణం రాసి, రుజువులు జోడించి దరఖాస్తు చేయాలి. ఒప్పుకుంటే నెలలోగా దేశంలోకి రావాలి. టైపింగ్ సెంటర్లో హైదరాబాదీ ఒకడు నాకు పాత స్నేహితుడు. కారణం గడి దగ్గర ఆగి, "బీమారీ రాద్దాం భాయ్, సవాల్ రాదు" అన్నాడు. నిజమే. ఆ గడిలో నేను ఎంతమంది ఆరోగ్యవంతులకి జబ్బు చేయించానో లెక్కలేదు. డాక్టర్ దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకుని పంపమని సువార్తకి చెప్పాను.

ఆమె నెమ్మదిగా అంది: "మా అమ్మ మంచంలో తీసుకుని తీసుకుని పోయిందండీ. ఆవిడ జబ్బు నా పేర రాయకండి. జరిగిందే రాయండి."

నాకు కోపం వచ్చింది. పీకల మీదికి వచ్చినప్పుడు కూడా ఈ పట్టింపులేంటనుకున్నాను. అయినా తల్లి ఆసుపత్రి కాగితాలూ, మరణ ధ్రువపత్రమూ జోడించి పంపాను. నాలుగో రోజు తిరిగొచ్చింది. తల్లి పోయాక కూడా నెలరోజులు ఎందుకు ఉండిపోయారో చెబుతూ కంపెనీ లెటర్ పెట్టమన్నారు. ఆ నెలకి కారణం ఒక్కటే, నేను ఫోన్లో చెప్పిన మాట. కంచే చేను మేసినట్టయింది.

లెటర్ కోసం ముదీర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఈజిప్టు మనిషి. చెడ్డవాడు కాదు, కానీ తిరకాసులంటే పడదు. ఆమె వీసా ఖలాస్ చేసి కొత్త నర్సుని తెచ్చుకుందాం అన్నాడు. అది కుదరదన్నాను. ఆమెది క్యాన్సిల్ చేస్తే కూతురిదీ చేయాలి. ఆ పిల్లకి రెండు నెలల్లో బోర్డు పరీక్షలు. అది మనకెందుకు, గడువు తెలియకుండా ఉండిపోయింది ఆమే కదా అన్నాడు.

"తెలియకుండా కాదు. నన్ను అడిగింది. నేనే తప్పు చెప్పాను" అన్నాను.

ఆ మాట అనడానికి నాకు మూడు రోజులు పట్టిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పటికి నాకు అరవై దాటి, ఏడాదికోసారి పొడిగింపు మీద నడుస్తున్నాను. భయపడ్డాను.

లెటర్ నేనే తయారు చేశాను. ఉద్యోగి ముందుగానే సంప్రదించిందనీ, మా కార్యాలయం బయటికెళ్ళిన తేదీకి బదులు సెలవు తేదీ నుంచి లెక్కించి తప్పు సలహా ఇచ్చిందనీ, ఆమె దోషం లేదనీ రాసి కింద నా పేరు పెట్టాను. ముదీర్ రెండుసార్లు చదివి ముద్ర వేశాడు. ఆ వెంటనే నా ఫైల్లో ఒక వార్నింగ్ లెటర్ కూడా పెట్టాడు. ఆరో రోజుకి పర్మిట్ వచ్చింది.

సువార్త వచ్చి డ్యూటీలో చేరాక, ఒకరోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గర నిలబడింది. "ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని బాగా తిట్టుకున్నానండి. మనసులో పెట్టుకోలేక చెప్పేస్తున్నా" అంది. తిట్టాల్సిందేనమ్మా అన్నాను. ఆమె తల ఊపి వార్డుకి వెళ్ళిపోయింది. కూతురు ఇక్కడే పరీక్షలు రాసింది.

మరుసటి ఏడాది నాకు పొడిగింపు రాలేదు. ముదీర్ కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. నా క్యాన్సిలేషన్ దరఖాస్తు నేనే టైపు చేయించుకున్నాను. అందులో కారణం గడి నింపడానికి ఎవరినీ సలహా అడగలేదు.

సువార్త సంగతి తర్వాత ఉద్యోగంలో నాకు మిగిలిన నెలల్లో ఎవరు సెలవు గురించి అడిగినా, ముందు పాస్‌పోర్టు తెరిచి ముద్ర చూశాను. ఆ తర్వాతే నోరు తెరిచాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పని అదొక్కటే.