సగటు వాన

ఆ ఏడు మా తాలూకాలో వాన మామూలుగానే కురిసిందని లెక్క తేలింది. సగటు అనే మాటంటే నాకు అసహ్యం పుట్టింది అప్పుడే.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. స్టాటిస్టిక్స్ చెప్పే సారు సగటుతో ఊరుకునేవారు కాదు. ఉత్త సగటు చెబితే సగం అబద్ధమేననీ, అంకెలు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో కూడా చెప్పాలనీ, దాన్నే విచలనం అంటారనీ పదేపదే అనేవారు. అది నాకు తెగ నచ్చింది. ఇక నన్నెవరూ మోసం చేయలేరని మురిసిపోయాను.

సెలవులకు ఇంటికొస్తే కొట్టంలో ఎద్దుల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. మాది ఆళ్లగడ్డ దాటాక చాగలమర్రి దారిలో మెట్ట ఊరు. వాన పడిన మర్నాడు నాయన చేలో వేలు గుచ్చి పదును చూసేవాడు. ఆ ఏడు గోరు కూడా తడవలేదు. జొన్న ఎండిపోయింది, చొప్ప లేదు. కరువు ప్రాంతమని ప్రకటిస్తే సర్కారు పశువులకు గడ్డి ఇస్తుంది. ప్రకటించలేదు. నల్లమల వారనున్న ఊళ్లలో కుండపోతగా కురిసింది. ఆ వాననూ మా ఎండనూ కలిపి భాగిస్తే తాలూకా మొత్తానికి మామూలు వాన వచ్చింది.

నాయన నన్ను వెంటబెట్టుకుని ఆ లెక్కలు చూసే అధికారి దగ్గరికి వెళ్లాడు. విచలనం సంగతంతా నేను విడమరిచి చెప్పాను. ఆయన మంచివాడు. కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, అడ్డు రాకుండా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమేనమ్మా. కానీ మేం పైకి పంపాల్సింది ఒక్కటే అంకె," అన్నాడు.

కసురుకుని ఉంటే బాగుండేది, కోపమైనా మిగిలేది. నిజం చెప్పి, నిజమేనని ఒప్పించి కూడా ఏమీ చేయలేకపోయాను. చదువు మీద నాకున్న ఆశ ఆ గదిలోనే చచ్చిపోయింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయన అడిగాడు. "నువ్వు చెప్పింది నిజమేనన్యాడు గదా పాపా. గడ్డి ఇస్తాడంటనా?"

ఇవ్వరని తల అడ్డంగా ఊపాను. నాయన బస్సు వచ్చే వైపు తిరిగి అన్నాడు.

"ఆ సగటు వాన పడిన చేను యాడుందో అడిగింటే బాగుండు. ఎద్దుల్ని ఆడికి తోలుకోని పోదుము."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. అలాంటి చేను ఒకటి ఎక్కడో ఉందనే అనుకుంటున్నాడు.

ఆ నెల్లోనే ఎద్దులు సంతకు పోయాయి. కొన్నవాడు సేద్యానికి కొనలేదని ఇంట్లో అందరికీ తెలుసు.

పరీక్షలో విచలనానికి ఉదాహరణ రాయమన్నారు. మా తాలూకా వాన రాశాను. సారు ఆ జవాబును క్లాసులో చదివి వినిపించి మెచ్చుకున్నారు.

మళ్లీ ఇంటికి వెళ్లేసరికి నాయన ఖాళీ కొట్టం ఊడుస్తున్నాడు. రోజూ పొద్దున్నే లేచి ఊడుస్తాడని అమ్మ చెప్పింది. పరీక్ష ఎట్టా రాసినావని చీపురు ఆపి అడిగాడు. బాగా రాశానన్నాను.