రుమేనా పీల్చిన ఊపిరి

వయసంతా ప్రిలెప్ ఊరి పాలరాతి గనిలో రాళ్లు కోసిన నౌమ్‌కు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలేసరికే అది ఎముకల దాకా పాకిపోయింది. ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు డాక్టర్లు. ఆ వసంతం నుంచి అతని భార్య రుమేనాకు లోకమంటే ఆ మంచం, పక్కన గురగురమనే ఆక్సిజన్ మిషన్, అక్కడి నుంచి వంటింటికి పోయే దారి, అంతే. పిల్లల్లేరు. ఒకరిని సాయం అడిగే అలవాటూ ఆమెకు లేదు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, మార్ఫిన్ చుక్కలు నోట్లో వేయడం, సూప్ తాగించడం, అది కక్కితే ఎత్తిపోయడం, అన్నీ తనే.

నర్సు దఫీనా అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్లేది. వయసులో చిన్నది, మాట మాత్రం సూటి. ఒకరోజు ఆమె లోపలికి వస్తూనే రోగి దగ్గరికి పోకుండా రుమేనా వెనక్కి వెళ్లి రెండు భుజాలూ పట్టుకుంది.

“ఇవి భుజాలా, కొయ్యలా పిన్నీ? చెవులకి తగుల్తున్నాయి.”

“పనుంటే అంతేలే అమ్మాయ్. ముందు ఆయన వీపు చూడు, ఎర్రబడింది.”

“ఆయన్ని నేను చూస్తా. నిన్నెవరు చూస్తారు? బుధవారం పాలీక్లినిక్‌కి రా. నీలాగా ఇళ్లల్లో మనుషుల్ని చూసుకునేవాళ్లే వస్తారు. ఒళ్లు వదులు చేసుకోవడం నేర్పిస్తాను.”

“దానికి కూడా బడి పెట్టారా?”

“పోవే,” అన్నాడు నౌమ్ మంచంలోంచి. “నేనెక్కడికీ పారిపోనులే.”

బుధవారం పక్కింటి మెంకా వచ్చి నౌమ్ దగ్గర కూర్చుంది. పాలీక్లినిక్‌లో, నడక సరిగా రాని పిల్లల చేత కసరత్తు చేయించే గదిలో చాపలు పరిచారు. నలుగురైదుగురు ఆడవాళ్లు, భార్యను చూసుకుంటున్న స్పాసె అనే ముసలాయన ఉన్నారు. పిడికిళ్లు గట్టిగా బిగించమంది దఫీనా, తర్వాత ఒక్కసారిగా వదిలేయమంది. భుజాలు, కడుపు, పిక్కలు, అన్నీ అలాగే. ముక్కుతో మెల్లగా పీల్చి, అంతకంటే మెల్లగా నోటితో వదలమంది. బిగించడం రుమేనాకు బాగానే వచ్చింది. వదలడమే రాలేదు. స్పాసె తాత మాత్రం సగంలోనే గుర్రు పెట్టాడు. అందరూ నవ్వారు. చాలా నెలల తర్వాత రుమేనా కూడా నవ్వింది. ఆ సాయంత్రం నౌమ్ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

అప్పటి నుంచి ఇంట్లోనూ మొదలుపెట్టింది. నౌమ్ కళ్లు మూసుకున్నాడనుకుని కిటికీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చి వదులుతోంది ఒకరోజు.

“ఏం చేస్తున్నావే?”

“దఫీనా నేర్పింది. ఊపిరి పీల్చడం.”

“ఇన్నాళ్లూ రాదా నీకు?” అని నవ్వబోయాడు. “నాకూ నేర్పు మరి.”

ఆమె పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. “నాతో పాటు పీల్చు, మెల్లగా” అంది. అతను పీల్చబోయాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి దగ్గు తెర ముంచుకొచ్చింది. పెదాలు నీలంగా మారాయి. ఆమె అతన్ని లేపి గుండెకు ఆనించుకుని వీపు రాస్తూ ఉండిపోయింది. దగ్గు తగ్గాక అతను తల గోడవైపు తిప్పుకున్నాడు.

“నాకు గుక్కెడు గాలి దొరక్క చస్తుంటే, నువ్వు కూర్చుని పారబోస్తున్నావు.”

ఆమె లేచి వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

తర్వాత పెరట్లోని కొట్టంలో, మిరపకాయల బుట్టల వెనక నిలబడి చేసుకోవడం మొదలుపెట్టింది. ఊరంతా ఎర్రటి లావు మిరపకాయలు కాల్చి చలికాలానికి పచ్చడి పెట్టుకునే రోజులవి. గోడ అవతల మిరపకాయలు కాలుస్తున్న మెంకా చూసేసింది.

“మొగుడు అక్కడ, కసరత్తులు ఇక్కడా? ఒలింపిక్స్‌కి పోతావా ఏంటే?”

మెంకా సరదాకే అంది. రుమేనాకు మాత్రం దొంగతనం బయటపడ్డట్టయింది. అయినా బుధవారాలు మానలేదు. ఆ ఒక్క గంట కోసం మిగతా వారమంతా ఈదుకొచ్చేది.

సెప్టెంబరు చివర్లో ఒక బుధవారం దఫీనా వాళ్లను పడుకోబెట్టి, “ఇప్పుడేం చేయొద్దు. పట్టుకున్నదంతా వదిలేయండి. మీకు హాయిగా ఉండే చోటు ఏది కనబడితే అక్కడికే పోండి” అంది. ఆ రోజు మొదటిసారి రుమేనా ఒళ్లు నిజంగానే వదులైంది. కళ్ల ముందు తన ఇల్లే కనిపించింది. మిషన్ చప్పుడు లేదు. మంచం ఖాళీగా ఉంది. ఎండ లోపలికి వస్తోంది. తను వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతోంది. ఎంతో తేలిగ్గా ఉంది.

గబుక్కున లేచి బూట్లు చేత్తో పట్టుకుని బయటకు నడిచింది. దఫీనా వరండాలోకి పరుగెత్తుకొచ్చింది.

“ఏమైంది పిన్నీ?”

“ఆయన లేడు. ఆయన చచ్చిపోయాడు, నేను కాఫీ తాగుతున్నా. సంతోషంగా తాగుతున్నా.”

“అలా అందరికీ అనిపిస్తుంది పిన్నీ. ఇక్కడికొచ్చే ప్రతి ఒక్కరికీ. అది తప్పు కాదు.”

“అందరికీ అనిపిస్తే నాకేంటమ్మా? నా మొగుడి చావు కోరుకున్నది నేను.”

ఆమె మళ్లీ ఆ గదికి వెళ్లలేదు. ఒళ్లు వదులు చేస్తే ఆ తలపు వస్తుంది కాబట్టి అసలు వదలకుండా, పగలూ రాత్రీ పళ్లతో సహా బిగించుకునే తిరిగింది. ఉన్న పనికి తోడు లేని పని కల్పించుకుంది. దఫీనా వచ్చినప్పుడు మాట పెరగనివ్వలేదు.

నౌమ్ గమనించాడు. అప్పటికి అతనికి గొంతు సగం పోయింది.

“బుధవారాలు పోవట్లేదే?”

“మానేశారు వాళ్లు.”

“అబద్ధం. నేనా రోజు అన్నది మనసులో పెట్టుకున్నావు.” కాసేపు ఆయాసపడి మళ్లీ అన్నాడు. “నా పక్కన కూర్చుని పీల్చు రుమేనా. నీ ఊపిరైనా నిమ్మళంగా ఉందని వింటాను.”

ఆమె కూర్చుంది. పీల్చబోతే గాలి గొంతు కిందికి దిగలేదు. ఛాతీ రాయిలా ఉంది. అతను కళ్లు మూసుకుని చెవి ఒగ్గి వింటున్నాడు. అందుకని ఆమె నోటితో చప్పుడు చేసింది. పీల్చినట్టు ఒక చప్పుడు, వదిలినట్టు ఒక చప్పుడు. లోపలికి గాలి పోతోందో లేదో ఆమెకే తెలియదు.

“ఆ, అలాగే” అన్నాడు నౌమ్.

తర్వాత రోజూ అడిగాడు. రోజూ ఆమె ఆ చప్పుళ్లే చేసింది. అక్టోబరులో ఒక ఉదయం ఆమె అలా చేస్తుండగానే అతని ఊపిరి ఆగింది. అది తెలిశాక కూడా చప్పుడు ఆపడం ఆమెకు చేతకాలేదు. మెంకా వచ్చి భుజం పట్టి కుదిపితే ఆపింది.

సమాధి దగ్గర, అక్కడి ఆచారం ప్రకారం, ఉడికించిన గోధుమలు పంచింది. వచ్చినవాళ్లకు గ్లాసుల్లో రాకియా సారా పోసింది. ఇక నీకు కాస్త విశ్రాంతి అన్నారు అందరూ, తలా ఒక రకంగా. మిషన్ తీసుకుపోవడానికి వచ్చిన దఫీనా మాత్రం ఆ మాట అనలేదు. “బుధవారం తలుపు తెరిచే ఉంటుంది పిన్నీ” అంది.

“నీ మీద కోపం లేదమ్మాయ్” అంది రుమేనా. “నువ్వు మంచిదే నేర్పావు. నాకే రాలేదు.”

చలికాలం మొదట్లో ఆమె దవడ వాచింది. పళ్ల డాక్టరు చూసి, వెనక దంతం నిలువునా చీలిందన్నాడు.

“గట్టివేమైనా కొరికారా?”

“లేదు.”

పన్ను పీకి, నెత్తురు ఆగడానికి దూది పెట్టి, కాసేపు పళ్లతో గట్టిగా నొక్కి పట్టమన్నాడు. ఆమె నొక్కి పట్టి, వీధిలో పడుతున్న మంచులో ఇంటికి నడిచింది.