తువ్వాలు కింద మూడో చెయ్యి

ధర్మవరంలో నేను పనిచేసిన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, కరస్పాండెంటుగారు బెంగళూరు నుంచి మనిషిని రప్పించి, రెండు రోజులు లాడ్జిలో ఉంచి వేయించిన తాళాన్ని పైసా ఖర్చు లేకుండా తీసినవాణ్ణి నేనే. అది తలుపుకు వేసిన తాళం కాదు, కంప్యూటర్ ల్యాబులో వెబ్‌సైట్లకు వేసినది. అంత పెద్ద తాళాన్ని ఒక మధ్యాహ్నం, ముందు పెట్టుకున్న టీ చల్లారేలోపల తీశాను. తీసి ఊరుకోలేదు, అడిగినవాళ్లందరికీ తీసి చూపించాను. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఆ రైలు లైను మీద ఇంత తెలివైనవాడు ఇంకొకడు లేడని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. ఆ తెలివి వల్ల ఒకామెకు రావలసిన ఉద్యోగం రాకుండా పోయింది. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు.

మా నాయన హిందూపురం చింతపండు మార్కెట్లో దళారి. చిన్నాన్నది బెల్లం కొట్టు. మేనమామది స్టీలు సామాన్ల అంగడి. మా ఇళ్లలో పిల్లలకు మొదట వచ్చే మాట అమ్మో అవ్వో కాదు, ‘ఎంత’. తొంభైల మొదట్లో, నేను బడికి ఎగనామం పెట్టి మార్కెట్లో తిరిగే రోజుల్లో, పెద్ద బేరాలు నోటితో జరిగేవి కావు. నాయన ముందు రైతు చెయ్యి పట్టుకునేవాడు. చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు. తర్వాత అదే తువ్వాలు కింద వ్యాపారి చెయ్యి పట్టుకునేవాడు. చుట్టూ యాభైమంది నిలబడి చూస్తున్నా ఒక్కడికి కూడా ధర తెలిసేది కాదు. నాకు ఆ తువ్వాలంటే మహా గొప్పగా ఉండేది. ఇంటికొచ్చి చెల్లెలి చేతి మీద అమ్మ చీర చెంగు కప్పి, దాని వాటా వేరుశనగ ఉండలు బేరమాడి తీసుకునేవాణ్ణి.

రెండు వేల ఆరులోనో ఏడులోనో నేను ఆ కాలేజీలో ల్యాబు అసిస్టెంటుగా చేరాను. రోజూ పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగడం, సాయంత్రం మళ్లీ అదే దారిలో వెనక్కి. ల్యాబులో ఇరవై కంప్యూటర్లుండేవి. విద్యార్థులు ప్రోగ్రాములు మానేసి ఇంటర్నెట్టు కబుర్లలో పడ్డారని కరస్పాండెంటుగారికి కోపం వచ్చింది. బెంగళూరు టెక్నీషియన్ వచ్చి పాఠాలకు పనికొచ్చేవి తప్ప అన్నీ మూసేశాడు. కబుర్ల సైట్లతోపాటు మెయిల్ కూడా మూసుకుపోయింది. ఏది తెరిచినా ఎర్ర అక్షరాల బోర్డు ఒకటి వచ్చేది.

నేను కనిపెట్టిన మార్గం పేరు ప్రాక్సీ. అది కూడా ఒక వెబ్‌సైటే. చప్పగా, ముసలి మొహంతో ఉంటుంది. మధ్యలో ఒక పెట్టె. అందులో మనకు కావలసిన సైటు పేరు కొడితే, అది మన తరఫున పోయి ఆ పేజీ తెచ్చి మన ముందు పెడుతుంది. కాలేజీ తాళానికి మనం ఎక్కడికి వెళ్లామో తెలియదు, ఏదో ముక్కూమొహం తెలియని సైటుకు పోయామనుకుంటుంది. నాలుగైదు రోజులకు టెక్నీషియన్ బెంగళూరు నుంచే దాన్నీ పట్టుకుని మూసేవాడు. నేను ఇంకొకటి వెతికేవాణ్ణి. కొత్త చిరునామా చెప్పినందుకు విద్యార్థుల దగ్గర ఒక ప్లేటు బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు. మూడో బజ్జీ దగ్గర బేరం తెగేది కాదు. ఆ ఏడాది నా నడుము బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి జరిగింది.

ఆమె కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. నాకంటే ఐదారేళ్లు పెద్ద. పెనుకొండలో రైలెక్కేది. ఉడకబెట్టిన శెనక్కాయలు ఒక స్టీలు డబ్బాలో తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని ఒలుచుకునేది. మార్చితో లైబ్రరీ ఎత్తేసి ఆ గదిలో రెండో ల్యాబు పెడతారని అందరికీ తెలుసు. ఆమెకు మరీ బాగా తెలుసు. బెంగళూరులో ఒక పెద్ద స్కూలుకు లైబ్రేరియన్ పనికి దరఖాస్తు పెట్టుకుంది. పిలుపు మెయిల్లోనే వస్తుందని వాళ్లు చెప్పారు. ఇంట్లో తల్లీ తనూ. తల్లికి వచ్చే ఆదాయం లేదు. ఏప్రిల్ నుంచి ఇల్లు గడవాలంటే ఆ పిలుపు రావాలి. ఆమె కథంతా ఇంతే, ఇందులో దాచుకున్నదేమీ లేదు, రైల్లో ఎవరడిగినా చెప్పేది.

పెనుకొండలో నెట్ సెంటరు ఉండేది. గుడ్డ తెరలు కట్టిన గదులు, లోపల నవ్వులు. ఒకసారి వెళ్లి, గుమ్మం నుంచే తిరిగి వచ్చేసింది. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ మా ల్యాబుకు వచ్చేది.

“ఏమప్పా బేరగాడా, ఇయ్యాల దారి తెరిచి ఉండాదా?”

“ఉండాదక్కా. కాకపోతే రెండు పిడికిళ్లు.”

“నిన్న ఒక పిడికిలే కదప్పా.”

“నిన్నటిది మూసేసినారు. కొత్తది ఎతికినందుకు ఇంకొకటి.”

“మీ నాయనే నయం. ఆయన రెండు పక్కలా కమీషను తీసుకుంటాడు. నువ్వు ఒక పక్కనే రెండుసార్లు గుంజుతాండావు.”

శెనక్కాయలు నా బల్ల మీద పోసి, కుర్చీ అంచున కూర్చునేది. మొదటిసారి వచ్చినప్పుడు ఒక మాట అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతులోనే వినిపిస్తుంది.

“పాస్‌వర్డు కూడా ఈ పెట్టెలోనే కొట్టాల్నా?”

“కొట్టక్కా. ఎవరికీ కనపడదు. తువ్వాలు కప్పినట్ల.”

నేను తువ్వాలు సంగతి చెప్పాను, వేళ్లు నొక్కి చూపించాను. ఆమె నవ్వి కొట్టింది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం నా దగ్గరున్న దారులన్నీ ఒక్కసారే మూసుకుపోయాయి. ఎనిమిది చిరునామాలు, ఎనిమిదీ పోయాయి. మర్నాడు పొద్దంతా వెతికితే ఒకటి దొరికింది. అది మిగతావాటిలా కాదు. మిగతా ప్రాక్సీలలో పేజీ నిండా ప్రకటనలు మెరిసేవి, మీరే పదిలక్షలవ మనిషి, ఇక్కడ నొక్కండి, బహుమతి తీసుకోండి అని ప్రాణం తీసేవి. వాటి యజమానులకు ఆదాయం ఆ ప్రకటనల మీదే. ఇందులో ఒక్క ప్రకటన లేదు. వేగం మూడింతలు. అంగళ్లలో పుట్టి పెరిగినవాణ్ణి కదా, నాకు సంతోషం వేసింది. మంచి సరుకు, ఊరికే. ధర ఎంత అని అడక్కుండా నేను జీవితంలో తీసుకున్న సరుకు అదొక్కటే.

ఆమెకు అందులోనే మెయిల్ తెరిచి ఇచ్చాను. ఇంకా పిలుపు రాలేదు. “బో ఫాస్టుగా ఉండాదే” అంది. ఆ రోజు మూడు పిడికిళ్లు తీసుకున్నాను.

సోమవారం మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డు తప్పంది. మళ్లీ కొట్టింది. పెద్ద అక్షరాలతో, చిన్న అక్షరాలతో, ఒక్కొక్క మీట వేలితో తడిమి కొట్టింది. మర్చిపోయినవాళ్లను అడిగే ప్రశ్న అడిగింది కంప్యూటరు. దాని జవాబు కూడా తప్పేనంది. ఆ వారమంతా మధ్యాహ్నాలు ఆమె అన్నం డబ్బా తెరవలేదు. నేను పక్కన నిలబడి, సర్వర్ ప్రాబ్లమక్కా, రెండు రోజుల్లో సర్దుకుంటాది, అని చెబుతూ వచ్చాను. నాకు తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పడంలో మార్కెట్లో మంచి తరిఫీదు ఉంది.

శనివారం ఆమెకు చదువు చెప్పిన పాత టీచరు కాలేజీకి ఫోను చేసింది. నీ పేరు మీద నాకు గలీజు మందుల ప్రకటనలు వస్తున్నాయేమని అడిగింది. ఆ సాయంత్రం ఆమె నేరుగా స్టేషన్ ఎదుట ఉన్న ఎస్టీడీ బూత్‌కు పోయింది. నేను వెంట వెళ్లాను. బెంగళూరు స్కూలుతో కన్నడలో మాట్లాడింది. మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. రిసీవరు పెట్టి బయటికి వచ్చి, చెయ్యి తుడుచుకుంది.

“ఇంటర్వ్యూ మొన్న గురువారం అయిపోయిందంట. సోమవారమే పిలుపు పంపినారంట. జవాబు రాలేదని వేరేవాళ్లను తీసుకున్నారంట.”

రైలొచ్చింది. ఎక్కాము. పెనుకొండ దాకా శెనక్కాయల డబ్బా ఆమె ఒడిలోనే ఉంది, మూత తీయలేదు.

రెండు రోజులకు టెక్నీషియన్ వచ్చాడు. ఎవరో స్నేహితుడి సంగతి అన్నట్లుగా డొంకతిరుగుడుగా అడిగాను. అతను స్క్రూడ్రైవరు తిప్పుతూనే చెప్పాడు. “ప్రాక్సీ మీరు కొట్టేదంతా ముందు తను చదువుకుని, తర్వాతే అవతలికి పంపిస్తుంది సార్. అది ఎవరిదో తెలియకుండా పాస్‌వర్డు కొట్టినారంటే, వానికి చీటీ రాసి చేతికిచ్చినట్లే.” ఆ వారం అదే దారిన పోయిన విద్యార్థులు ఇద్దరివి కూడా మెయిళ్లు పోయాయని అప్పటికే నాకు తెలుసు. ఇక అనుమానం పెట్టుకోవడానికి చోటు లేదు.

ఇంట్లో నాయనకు చెప్పాను. ఆమె సంగతి తీసేసి, ప్రాక్సీ సంగతి మాత్రం చెప్పాను. ఆయనకు కంప్యూటరు తెలియదు, దళారీ తెలుసు. వక్క నములుతూ విని, రెండు ప్రశ్నలు అడిగాడు.

“ఊరికే ఇస్తాండాడంటే వానికి ఇంకో పక్క నుంచి దుడ్లు వస్తాండాయి. ఆ పక్క యాదో చూసినావా?”

“లేదు నాయనా.”

“నా చెయ్యి పట్టుకునే రైతుకు నా ఇల్లు యాడుండాదో తెలుసు. తేడా వస్తే రేపు పొద్దున వాకిట్లో నిలబడతాడు. నీ దళారి ఇల్లు యాడ?”

ఇన్నేళ్లూ నేను తువ్వాలునే చూశాను. దాని కింద నాయన చెయ్యి ఉండేదన్న సంగతి, రెండు ధరలూ ఆ చేతికి తెలుసన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. దళారి కొడుకునై ఉండి దళారినే మరిచిపోయాను.

మర్నాడు రైల్లో ఆమెకు చెప్పేయాలనుకున్నాను. హిందూపురం నుంచి పెనుకొండ దాకా మాటలు కూర్చుకున్నాను. తప్పు నాదే అక్కా, నువ్వు అడిగినావు, నేనే కొట్టమన్నా. అంతే, రెండు ముక్కలు. పెనుకొండలో ఆమె ఎక్కి, కూర్చుని, నేను నోరు తెరిచేలోపల తనే అంది.

“నేనే ఏదో తప్పు నొక్కింటానప్పా. నా చేతులకు కంప్యూటరు పడదు. పాపం, నువ్వు వారమంతా నా పక్కనే నిలబడితివి.”

డబ్బా మూత తీసి నా వైపు జరిపింది. ఒక్క క్షణం ఉంది నాకు. ఆ క్షణంలో బేరగాడు ముందు లేచాడు. అవతలివాళ్లే ధర తగ్గించి చెప్పినప్పుడు నోరు మూసుకుని తీసుకోవాలని వాడికి తెలుసు. “పోనీలే అక్కా, అయ్యేది అయిపాయ” అన్నాను. శెనక్కాయలు తిన్నాను కూడా.

మార్చి ఆఖరున ఆమె పుస్తకాలు కట్టలు కట్టి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి వెళ్లిపోయింది. జూన్‌లో ఆ గదిలో రెండో ల్యాబు పెట్టారు. దానికి ఇన్‌చార్జిగా నన్నే వేశారు. జీతం పెరిగింది. గోడ మీద పుస్తకాల బీరువాలు ఉన్న చోట సున్నం తెల్లగా, పెద్ద పెద్ద దీర్ఘచతురస్రాలుగా మిగిలి ఉండేది. పెనుకొండలో రైలు ఆగినప్పుడల్లా నేను పేపరు తెరిచేవాణ్ణి.

రెండేళ్ల తర్వాత నా పెళ్లికి చీరలు కొనడానికి అమ్మతో ధర్మవరంలో ఒక పెద్ద పట్టుచీరల షాపుకు వెళ్లాను. పరుపు మీద కూర్చుని మా ముందు చీరలు విప్పిన మనిషి ఆమె. యూనిఫారం చీర, మెడలో కార్డు. పొద్దున్నుంచి రాత్రి దాకా విప్పడం, మడవడం.

“ఏమప్పా బేరగాడా, పెళ్లికొడుకైతివే.”

అమ్మ నాలుగు చీరలు తీసింది. ఆమె బిల్లు పుస్తకం మీద ఒక పచ్చ చీటీ పెట్టి పిన్ను కొట్టింది. పనిచేసేవాళ్లు తెలిసినవాళ్లకు పదో వంతు తగ్గించి ఇచ్చే చీటీ అట. ఏడాదికి ఒకటే ఇస్తారట. “మా చెల్లెలి వరసామె అడిగింది, ఇయ్యలే. నువ్వయితే వారమంతా నా పక్కన నిలబడినోడివి” అంది.

అమ్మ జాకెట్టు గుడ్డల వైపు వెళ్లింది. అప్పుడు చెప్పాను. ఆ ప్రాక్సీ సంగతి, దొంగ సంగతి, టెక్నీషియన్ చెప్పింది, నేను రైల్లో మింగింది, అంతా. ఆమె చేతిలో చీర సగం మడతలో ఉంది. మిగతా సగం మడిచింది. జరీ అంచులు కలిపి సరిచూసింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఆ నెలలోనే అక్కా.”

“రెండేండ్లు నా చేతులనే తిట్టుకుంటిని.”

అంతే అంది. బిల్లు తన వైపు తిప్పుకుని, గోటితో పిన్ను లాగి, పచ్చ చీటీని నాలుగు మడతలు పెట్టి మెడలోని కార్డు వెనక్కి తోసుకుంది. పదో వంతు కొట్టేసిన అంకె మీద గీత గీసి, కింద అసలు ధర రాసింది. అమ్మ వచ్చి చూసి, ఇదేమి, తగ్గిస్తామన్నారు కదా అని మొదలుపెట్టింది. నేను అమ్మను ఆపి, రాసినంతా ఇచ్చాను. పుట్టినప్పటి నుంచి నేను బేరమాడకుండా కట్టిన బిల్లు అదే.

దానితో బాకీ తీరిందని నేను అనుకుంటే మా నాయన కొడుకును కాను. ఆ డబ్బు షాపు యజమాని గల్లాలోకి పోయింది. ఆమెకు నెల జీతం నెల జీతమే. బెంగళూరు స్కూలు లేదు, లైబ్రరీ లేదు, తన చేతులను తిట్టుకున్న రెండేళ్లూ లేవు. నా వైపు ఒక ఉద్యోగం, పెరిగిన జీతం, ఒక ఏడాది శెనక్కాయలు, బజ్జీలు. ఆమె వైపు తిరిగి వచ్చింది ఆ పచ్చ చీటీ ఒక్కటే.