గరాజ్‌లో మిగిలిన ఆల్చిప్పలు

మీరు రాలేదు. ఇక్కడ వర్జీనియాలో, షాంటిలీలో మా పక్కింటి అంకుల్ పోయిన మంగళవారం గుండె ఆగి చనిపోయారని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో చదివారు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు, ఆ కిందే పాట్‌లక్ విందు మెసేజ్‌కి జవాబిచ్చారు. ఆల్చిప్పల అంకుల్ అని ఇన్నేళ్ళూ నవ్వుకున్నదీ మీరే. అంత్యక్రియలకు మేం తొమ్మిదిమందిమి ఉన్నాం. అందులో ఒకాయన మూడు గంటలకు పైగా డ్రైవ్ చేసుకుని వచ్చిన పడవ కెప్టెన్. మీకు కోపం రావాలనే ఇది రాస్తున్నాను. నాకైతే కోపానికి కూడా ఓపిక తగ్గిపోయింది.

ఆయన సివిల్ ఇంజనీర్. ఓడలు తిరిగే దారుల్లో పూడిక తీసే పనిలో కన్సల్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. అలా తీసిన బురదతోనే చీసాపీక్ అఖాతంలో కరిగిపోయిన ఒక దీవిని మళ్ళీ కట్టారు. చుట్టూ రాళ్ళ గట్టు, లోపల బురద, పైన గడ్డి, గడ్డిలో పక్షులు. మంచి పనే, కాదనను. అక్కడికి కొంచెం దూరంలో మనుషులున్న చిన్న దీవి ఒకటుంది. ఏటా ఒడ్డు కోసుకుపోతోంది. దానికీ ఆ బురద పోయవచ్చా అని పరిశీలించి, గిట్టుబాటు కాదని తేల్చిన రిపోర్ట్ మీద సంతకం ఆయనదే.

"లెక్కలో తప్పు లేదమ్మాయ్," అన్నారు ఒకసారి డ్రైవ్‌వేలో బకెట్లు కడుగుతూ. "ఫారంలో ఇళ్ళకి గడి ఉంది, రోడ్డుకుంది. సమాధులకి లేదు. ఎక్కడా గడి లేదు కాబట్టి సున్నా అనుకున్నా. అనుకోమని ఎవరూ చెప్పలేదు."

ఆ దీవిలో శ్మశానం ఒడ్డును ఆనుకునే ఉంది. మొదటి వరసలో, అంత్యక్రియలకు వచ్చిన ఆ కెప్టెన్ తల్లి సమాధి.

ఖాళీ చేసి వెళ్ళిపోవచ్చు కదా అంటారు మీరు. పార్టీల్లో అన్నారు కూడా. వీసామీద బతుకుతూ, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం ఖాళీ చేయాలని వణికే మనమే ఆ మాట ఇంత తేలిగ్గా అనగలం. ఎక్కడో మహాసముద్రం మధ్య జెండా పాతిన దిబ్బకోసం ఈ దేశం ఓడలు పంపుతుంది. ఓటర్లు నాలుగు వీధులకు మించని దీవికి మాత్రం ఫారం పంపుతుంది.

రిటైరయ్యాక ఆయన ఆల్చిప్పలు పట్టుకున్నారు. రెస్టారెంట్లలో తిని పారేసిన చిప్పల్ని అఖాతంలో గుట్టగా పోస్తే, వాటిమీద కొత్తవి అతుక్కుని పెరుగుతాయి. అల ఒడ్డు చేరకముందే ఆ గుట్టమీద విరుగుతుంది. దీవివాళ్ళు అనుమతి తెచ్చుకుని ఆ పని చేస్తుంటే, ఈయన ఊళ్ళోని రెస్టారెంట్ల వెనక గుమ్మాల దగ్గర బకెట్లు పెట్టి, శనివారాలు వెళ్ళి తెచ్చుకునేవారు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టని మనిషి.

"కూరలో వెల్లుల్లి పడితే కంచం ముందునుంచి లేస్తారు," అనేది ఆంటీ. "కార్‌లో మాత్రం చేపల మార్కెట్ ఉండాలి."

"చిప్పలో ప్రాణం లేదు కదే. నా మడికేం కాదు."

"మీ మడి సంగతి సరే, నా సీట్ కవర్ల సంగతి చెప్పండి."

తెచ్చినవి వెంటనే నీళ్ళలో వేయకూడదు. ఏడాది ఎండలో వదిలేయాలి. లేకపోతే వాటితో వచ్చిన జబ్బులు అఖాతంలో బతికున్నవాటికి అంటుకుంటాయి. అందుకే ఆయన పెరట్లో పరిచేవారు. అందుకే వాసన. అందుకే మన కాలనీ సంఘం హెచ్‌ఓఏకి మనం రాసిన ఫిర్యాదు. మనం అనే అంటున్నాను. ప్రతి పిటిషన్‌మీదా సంతకం పెట్టే అలవాటున్న చెయ్యి నాది, దానిమీదా పెట్టింది.

హెచ్‌ఓఏ ఉత్తరం అందిన రోజే చిప్పలన్నీ గరాజ్‌లోకి మార్చేశారు. గరాజ్‌లో ఎండ ఎక్కడిది? ఎండని చిప్పలని ఆ ఏడాది రేవు దగ్గర దీవివాళ్ళు వాటిని తీసుకోలేదు. శ్మశానం ముందు పోయాల్సిన గుట్ట సగంలో ఆగింది. ఈ చలికాలం తుఫానుకి ఒడ్డు మొదటి వరస దాకా కోసుకుపోయింది.

నేను క్షమాపణ చెప్పబోతే అడ్డుపడ్డారు. "నువ్వూ ఫారం నింపావు, నేనూ నింపాను. బకెట్ అందుకో."

అంత్యక్రియల తర్వాత కెప్టెన్ ఆంటీ దగ్గరికి వచ్చాడు. "చిప్పలు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి. నేను ఎత్తలేను," అంది ఆంటీ.

సంతాప సభలు వద్దు. కావలసినవి ఇవి.

ఓడల దారిలో తీసే బురద ముందు మనుషులున్న దీవికి చేరాలి. మీ ప్రతినిధి ఆఫీస్‌కి ఫోన్ చేయండి, ఓటు లేనివాళ్ళు కూడా చేయవచ్చు.

ఆ ఫారంలో సమాధులకు ఒక గడి పెట్టాలి.

ఫిర్యాదుమీద సంతకం పెట్టినవాళ్ళం అందరం దాన్ని వెనక్కి తీసుకోవాలి. నాది తీసుకున్నాను.

ఆంటీ గరాజ్‌లో పదకొండు బకెట్లున్నాయి. శనివారం ఉదయం గ్లోవ్స్ తెచ్చుకుని రండి. మా పెరట్లో మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది. ఒకదానిమీద ఒకటి పడకుండా, లోపలి తెలుపు ఆకాశంవైపు ఉండేట్టు పరవాలి. ఆయన అలాగే పరిచేవారు.